మూడో తరగతి పిల్లలు ఆగిన చోట్లు

చావు ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. లేస్తారు, కాసేపు నిలబడతారు, గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటారు. మళ్ళీ వస్తామన్న మాట ఆ ఇంట్లో అనకూడదు. ఈ ఆనవాయితీ మా కోస్తా వైపూ ఉంది, హైదరాబాదులోనూ ఉంది. ఆ డిసెంబరులో మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ అలాగే వెళ్ళారు. నేను తలెత్తి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది. అది నాకు సుఖంగానే ఉండేది. జవాబు చెప్పే పని తప్పేది.

నా భార్య మాదాపూర్‌లో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి టీచరు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండె వాల్వును పాడుచేసింది. ఆ సంగతి పెళ్ళికి ముందే నాకు తెలుసు. చాలా ఏళ్ళు మందులతో మామూలుగానే గడిచింది. ఆ ఏడు వానాకాలం చివర్లో ఆయాసం మొదలైంది. జనవరిలో ఆపరేషన్ అన్నారు. డిసెంబరు మొదట్లో ఆమె పోయింది. మాకు పిల్లలు లేరు. ఇంతకంటే చెప్పవలసింది ఏమీ లేదు.

ఇంటి నుంచి బడికి దూరం తక్కువే. ఆమెతో నడిస్తే మాత్రం దారిలో కల్వర్టు దగ్గర ఆగేవాళ్ళం. ఆమె దాని గట్టు మీద కూర్చుని లారీలు పోయేదాకా చూస్తున్నట్టు ఉండేది. నిజానికి లారీలకు అంతు లేదు. రాయదుర్గం వైపు నుంచి కంకర, ఇసుక, ఇనుము రోజంతా వస్తూనే ఉండేవి. ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ కంప్యూటర్ కంపెనీల గుండ్రటి భవనాన్ని అప్పటికింకా కడుతూనే ఉన్నారు. చుట్టూ బండలు. ఆమె పోయాక నేను ఒక్కణ్ణే ఆ దారిన వెళ్ళినా కాళ్ళు కల్వర్టు దగ్గర ఆగేవి. కాసేపటికి ఎందుకు ఆగానో గుర్తొచ్చి నడిచేవాణ్ణి.

పెద్దకర్మ అయిన వారానికి హెడ్మిస్ట్రెస్ వచ్చారు. పాతబస్తీ వైపు పుట్టి పెరిగిన మనిషి. తెలుగులో ఉర్దూ కలుస్తుంది, గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం తగ్గించి మాట్లాడారు.

"ఒక మాట అడుగుతా సార్, ఏమనుకోవద్దు. ఫిబ్రవరిలో మా యాన్యువల్ డే. థర్డ్ క్లాసుకు మేడం ఒక రెసిటేషన్ రాసి నేర్పించింది. సగం పైన అయ్యింది. కొత్త టీచర్ జూన్ దాకా దొరకదు. మీరు జర వచ్చి అదొక్కటి పూర్తి చేయించండి. పనిలో పని, కొంచెం ఇంగ్లీషు మాట్లాడిపించండి. మీకూ టైం పోతుంది."

కాదనడానికి కారణం చెప్పాలి. సరేననడానికి అక్కర్లేదు. సరేనన్నాను. ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, వాడుకోని సెలవు చాలా ఉంది. ఆమె లేచి నిలబడి, అందరిలాగే ఏమీ అనకుండా గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, "సోమవారం తొమ్మిదిన్నరకు" అన్నారు.

బడి అంటే ఒక పాత ఇల్లు, దాని వెనక రేకుల షెడ్డు. మూడో తరగతి షెడ్డులో. లారీ డ్రైవర్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, ఉన్న ఎకరం అమ్మి రెండు గదుల డాబా వేసుకున్న ఊరివాళ్ళ పిల్లలు, మాలాగా బయటి నుంచి వచ్చిన చిన్న ఉద్యోగుల పిల్లలు. నేను లోపలికి వెళ్ళగానే లేచి నిలబడి ఒకే రాగంలో గుడ్ మార్నింగ్ చెప్పారు. కూర్చోమంటే కూర్చోలేదు. "సిట్ డౌన్" అనాలని ముందు బెంచీ పిల్ల గుసగుసగా చెప్పింది. అన్నాను. కూర్చున్నారు.

నన్ను ఏమీ అడగొద్దని ఇళ్ళల్లో చెప్పి పంపారని తెలుస్తూనే ఉంది. అంత మంది పిల్లలు అంత మర్యాదగా ఉండటం సహజం కాదు.

"టీచర్ నేర్పించింది చెప్పండి" అన్నాను.

ముందు బెంచీ పిల్ల మొదటి మాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు కలిశారు. అది ఆ ఊరి మీద నా భార్య రాసిన చిన్న పాఠం. పదీ పన్నెండు వాక్యాలుంటుంది. "దిస్ ఈజ్ అవర్ విలేజ్ అండ్ దిస్ ఈజ్ అవర్ రోడ్" అని మొదలవుతుంది. బడి వెనక పెద్ద బండ ఉంది, రోజంతా లారీలు వస్తాయి, దుమ్ము లేస్తే అమ్మ కిటికీ మూస్తుంది, బండలు పేల్చే ముందు విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాం, ఇలా సాగుతుంది. మొదటి రెండు మూడు వాక్యాలు బాగానే చెప్పారు. తరవాత ఆగటం మొదలుపెట్టారు.

"ద లారీస్ కమ్ అండ్ గో," అని ఆగి, అందరూ ఒక్కసారి గాలి పీల్చి, "ఆల్ ద డే" అన్నారు. కిటికీ వాక్యం రెండు చోట్ల ఆగింది. విజిల్ వాక్యం దగ్గరికి వచ్చేసరికి "వెన్ ద విజిల్" అన్నారు, పీల్చారు. "బ్లోస్ వి క్లోజ్" అన్నారు, పీల్చారు. "అవర్ ఇయర్స్" అన్నారు. ఆ పీల్చటం నోటితో, భుజాలు కొంచెం పైకి లేపి. షెడ్డు నిండా పిల్లలు ఒకేసారి భుజాలు ఎత్తి దించారు.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను.

అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకున్న తీరే అది. టీచరు ఒక వాక్యం అంటుంది, పిల్లలు అదే తిప్పి అంటారు. ఇంట్లో ఆ భాష వినే వీలు లేదు. టీచరు నోటి నుంచి ఏది వస్తే అదే ఇంగ్లీషు. మొదటి వాక్యాలు ఆగస్టులో నేర్పింది, అప్పటికి ఊపిరి సరిపోయేది. కిటికీ వాక్యం దసరా సెలవుల తరవాతది. విజిల్ వాక్యం నవంబరుది. ఆమె ఎక్కడ ఆగిందో పిల్లలూ అక్కడే ఆగారు. తప్పు చెప్పటం లేదు. చెప్పింది చెప్పినట్టు అప్పజెబుతున్నారు.

ఆమె రాసిపెట్టిన కాగితం మీద ఇంకా రెండు వాక్యాలు మిగిలాయి. వాటిని ఆమె నేర్పలేదు.

ఆ రోజు పిల్లల్ని నేను దిద్దలేదు. "గుడ్" అన్నాను. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పారు.

తరవాతి వారాల్లో నేను రోజూ వెళ్ళాను. మొదటి పీరియడు రెసిటేషన్, ఆ తరవాత మాటలు. మాటలంటే ఒకళ్ళు ప్రశ్న అడగాలి, పక్కవాళ్ళు జవాబు చెప్పాలి. ఏం తిన్నావు, ఎలా వచ్చావు, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు. పొద్దున ఏం తిన్నావంటే అందరూ "ఇడ్లీ" అనేవారు. ఇడ్లీ పుస్తకంలో ఉంది. రాత్రి మిగిలిన అన్నం పుస్తకంలో లేదు.

"వాడు అబద్ధం సార్. వాడు సద్దన్నం తిన్నడు. నేను సూసిన."

"నువ్వు తిన్నవా ఇడ్లీ? మీ ఇంట్ల ఇడ్లీ పాత్రనే లేదు!"

"ఇంగ్లీషులో కొట్టుకోండి" అన్నాను.

ఇద్దరూ ఆలోచించారు. "యూ నో ఇడ్లీ పాత్ర" అన్నాడు ఒకడు. రెండోవాడు జవాబు దొరక్క కూర్చున్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి ఉంటాను, ముఖం కదిలినట్టు గుర్తు.

జవాబు దొరక్క నిలబడ్డ పిల్లలకు మాట అందించటం నాకు అలవాటు. ఆఫీసులో కింది ఉద్యోగులకు కూడా వాక్యాలు నేనే పూర్తి చేసేవాణ్ణి. నా భార్య ఇంట్లో ట్యూషన్ పిల్లలకు చెబుతున్నప్పుడు నన్ను రెండు మూడు సార్లు ఆపింది. "వెతుక్కుంటున్నారు. ఉండండి" అనేది. ఆ మాట గుర్తుపెట్టుకుని నోరు మూసుకునేవాణ్ణి. పిల్లలు చాలాసేపు వెతుక్కునేవారు. నాకు తొందర లేదు.

జనవరి రెండో వారంలో హెడ్మిస్ట్రెస్ షెడ్డు తలుపు దగ్గర నిలబడి రెసిటేషన్ విన్నారు. నన్ను వరండాలోకి పిలిచారు.

"మధ్యల ఆగుతున్నారేంది సార్? మర్చిపోయినట్టుంది. పేరెంట్స్ అట్లనే అనుకుంటారు. చీఫ్ గెస్ట్ ఆ గుండ్రటి బిల్డింగ్ ఇంజనీరు, ఆయన ముందర పరేషాన్ అయితది."

ఆమెకు కారణం తెలియదు. నా భార్య ఆయాసపడటం ఆమె చూశారు గాని, ఏ వాక్యం ఎప్పుడు నేర్పిందో ఆమెకేం తెలుసు?

"చూస్తానండి" అన్నాను.

చూడలేదు. రోజూ పొద్దున వెళ్ళి అది వినేవాణ్ణి. దాన్ని దిద్దవలసింది నేనే. దిద్దితే అది ఇంక ఎక్కడా ఉండదు. ఆమె చీరలు ఉన్నాయి, మందుల డబ్బా ఉంది, ఫొటోలు ఉన్నాయి. అవి చూస్తే నాకేమీ అనిపించేది కాదు. షెడ్డులో పిల్లలు గాలి పీల్చినప్పుడు కూడా గొప్పగా ఏదో అనిపించేదని చెప్పను. కాని ఆ పీరియడుకు ఒక్క రోజూ ఆలస్యంగా వెళ్ళలేదు.

బళ్ళో డాన్సుల కోసం ఒక టేప్‌రికార్డర్ ఉంది. ఖాళీ క్యాసెట్ కొని, ఒకరోజు దాన్ని షెడ్డులోకి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎందుకని ఎవరూ అడగలేదు. బటన్ నొక్కి, చెప్పండి అన్నాను.

మిషన్ను చూడగానే పిల్లలు మారిపోయారు. ఒకడు ముందుకొచ్చి "హలో మైక్ టెస్టింగ్" అన్నాడు. మిగతావాళ్ళు గొంతు చించుకుని, ఒకళ్ళను మించి ఒకళ్ళు పరుగెత్తి పాఠం ముగించారు. ఎక్కడా ఆగలేదు. ఎవరూ గాలి పీల్చలేదు. అయిపోగానే "మాది మాకు ఇనిపియ్యిండి సార్" అని బల్ల చుట్టూ మూగారు. వినిపించాను. అందులో అరుపులు, చివర్లో బయట లారీ హారను. వాళ్ళకు అది చాలా నచ్చింది. మూడు సార్లు పెట్టించుకున్నారు.

మిషన్ తీసేశాక అడిగితే మళ్ళీ ఎప్పటిలాగే ఆగుతూ చెప్పారు. క్యాసెట్‌ను డాన్సు టీచరుకు ఇచ్చేశాను.

ముందు బెంచీ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చింది ఆ తరవాతి ఆదివారం. ఆ పిల్ల గొంతే క్లాసుకు ఆధారం, ఆమె ఎత్తుకుంటే గాని మిగతావాళ్ళు ఎత్తుకోరు. తండ్రి లారీ నడుపుతాడు. తల్లి ఊరిమనిషే. గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

"సారూ, మా పిల్లకు దమ్మొస్తున్నది."

దమ్ము అంటే ఇక్కడ ఆయాసం. ఎప్పటి నుంచి అని అడిగాను.

"టీచరమ్మ పోయిన కాడ్నించి నేను సూస్తున్న. మాట్లాడితే ఏం లేదు. ఉరుకుతది, దుంకుతది, ఏం లేదు. ఇంగ్లీషు సదువుడు షురూ చేస్తే ఆగుతది. నోరు తెరిసి గాలి గుంజుతది. అచ్చం టీచరమ్మ లెక్క. పేరెంట్స్ మీటింగుల నేను సూసిన కద ఆమెను."

నేను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"దవాఖానల సూపిచ్చిన. ఛాతీల ఏం లేదన్నడు. మా అత్త ఏమంటదంటే..." అని ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమనుకోకు సారూ. టీచరమ్మ గాలి సోకింది అంటది. పిల్లంటే ఆమెకు పానం కద, ఇడ్సిపెడ్తలేదు అంటది. తాయెత్తు కట్టిపిచ్చినం. తగ్గలే. ఇగ తెలుగు మీడియం సర్కారు బడిల ఏస్తం. ఇంగ్లీషు లేకపోతే అది రాదు."

"పిల్ల ఏమంటోంది?"

"ఏడుస్తున్నది. దానికేం తెలుసు?"

నేను చెప్పాలనుకున్నది తేలికైన విషయం. మీ పిల్ల ఊపిరితిత్తులు బాగున్నాయి, దెయ్యమూ లేదు, ఆమె టీచరును అనుకరిస్తోంది, అంతే. ఆ మాటలు చెప్పాను కూడా. విన్నది. "అట్లనే అంటరు సారూ మీరు. మీ ఇంటామె" అంది. అందులో కోపం లేదు. జాలి ఉంది, భయం ఉంది. నేను తప్పక అలా అంటానని ఆమెకు ముందే తెలుసు.

"బాగా పాడుతుందా మీ పిల్ల?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"మస్తు పాడతది. బతుకమ్మకు ఆడవోళ్ళందరి ముందట అదే ఎత్తుకుంటది. పాటల దమ్ము రాదు సారూ. పొద్దుమీకే దాంక ఆడినా రాదు."

"యాన్యువల్ డే దాకా ఆగండి. తగ్గకపోతే మీ ఇష్టం."

ఆమె ఆలోచించింది. ఒప్పుకున్నట్టూ లేదు, లేనట్టూ లేదు. చెప్పులు వేసుకుని, చావు ఇంటి నుంచి వెళ్ళినట్టే, మాట లేకుండా వెళ్ళిపోయింది.

ఆ పూట నేను అన్నం వండుకోలేదు. దుఃఖం వల్ల అనుకోవద్దు. లేవటం మర్చిపోయాను. బతికి ఉండగా పిల్లల్ని గట్టిగా కసరని మనిషి, ఊళ్ళో ఒక ఇంట్లో పిల్లను పట్టుకుని వదలని గాలి అయింది. అది నన్ను బాధపెట్టాలి. పెట్టిందో లేదో చెప్పలేను. ఒకటి మాత్రం తెలిసింది. నేను దిద్దకుండా ఉంచుకున్న దానికి బదులుగా ఒక పిల్ల బడి మానబోతోంది.

మర్నాడు పిల్లల్ని షెడ్డు బయటికి తీసుకొచ్చాను. ఖాళీ స్థలంలో గుండ్రంగా నిలబెట్టి, "బతుకమ్మ ఆడతారు కదా, చప్పట్లు ఎలా కొడతారో కొట్టండి" అన్నాను. ఆడపిల్లలు వెంటనే వంగి కొట్టారు. మగపిల్లలు మొదట నవ్వి, తరవాత వాళ్ళూ కొట్టారు.

"ఆ చప్పట్లకు టీచర్ పాఠం చెప్పండి. చప్పట్లు ఆగకూడదు, కాళ్ళు ఆగకూడదు. నోరు కూడా ఆగకూడదు."

మొదటి వాక్యాలు వలయం తిరుగుతూ బాగానే వచ్చాయి. లారీల వాక్యం దగ్గర అందరి నోళ్ళూ ఆగాయి, చప్పట్లు మాత్రం పడుతున్నాయి. కొందరు తడబడి ముందువాళ్ళ మీద పడ్డారు. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ.

బడి ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని వరండాలో నిలబడింది.

"ఏంది సారూ, ఇంగ్లీషు బతుకమ్మనా? నడుమ పూలేవి మరి?"

"నువ్వే నిలబడరాదు ఆయమ్మా నడుమ!" అన్నాడు ఇడ్లీ పాత్ర లేనివాడు.

"నీ తోలు తీస్త. నేను నిలబడితే నిమజ్జనం చేస్తరు మీరు నన్ను!"

పిల్లలు విరగబడి నవ్వారు. అప్పుడే బండల వైపు నుంచి విజిల్ వినిపించింది. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి రోడ్డు మీద లారీలను ఆపుతాడు, విజిల్ వేస్తాడు, ఆ తరవాత పేలుస్తారు. పిల్లలు అలవాటుగా చెవులు మూసుకున్నారు. నేల కొంచెం అదిరింది. రేకులు గలగలమన్నాయి. దుమ్ము లేచింది. చేతులు దించి మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు.

ఒక్కొక్క వాక్యమే పోయింది. లారీల వాక్యం వారంలోపలే సాఫీ అయింది. కిటికీ వాక్యానికి ఇంకొంచెం పట్టింది. చప్పట్లతో చెప్పినప్పుడు ఆగనివాళ్ళు లోపల బెంచీల మీద చెబితే మళ్ళీ ఆగేవారు. మళ్ళీ బయటికి. విజిల్ వాక్యం చాలా రోజులు లొంగలేదు. రెండు చోట్లలో ఒకటి పోయినా రెండోది ఉండిపోయింది. ఒక పొద్దున అదీ లేదు. "వెన్ ద విజిల్ బ్లోస్ వి క్లోజ్ అవర్ ఇయర్స్." మామూలు వాక్యం. ఏ బడిలోనైనా ఏ పిల్లలైనా అనగలిగిన వాక్యం. నేను "గుడ్" అన్నాను. అంతా అయ్యాక చూసుకుంటే నేను నిలబడి ఉన్నాను, ఎప్పుడు లేచానో తెలియదు.

మిగిలిన రెండు వాక్యాలు నేనే నేర్పాను. "దే ఆర్ బిల్డింగ్ ఎ రౌండ్ హౌస్ విత్ ఎ లాట్ ఆఫ్ గ్లాస్. వన్ డే ఐ విల్ గో ఇన్ అండ్ సీ ఇట్." నా గొంతు చదునుగా ఉంటుంది. పిల్లలు ఆ రెండు వాక్యాలూ చదునుగానే నేర్చుకున్నారు. చివరి వాక్యం ఎవరో ఉత్తర్వు చదివినట్టు వచ్చేది. దాన్ని ఎలా బాగుచెయ్యాలో నాకు తెలియలేదు. అలాగే ఉంచాను.

యాన్యువల్ డే సాయంత్రం బడి ముందు షామియానా వేశారు. ఇంజనీరు గంట ఆలస్యంగా, బూట్ల నిండా సిమెంటు దుమ్ముతో వచ్చి, అందరికంటే తానే ఎక్కువ ఇబ్బందిపడుతూ కూర్చున్నాడు. మూడో తరగతి వంతు వచ్చింది. నేను స్టేజీ పక్కన పిల్లలకు కనపడేలా నిలబడ్డాను. ముందు బెంచీ పిల్ల మెడలో తాయెత్తు యూనిఫాం కాలరు మీదికి వచ్చి కనిపిస్తోంది. తల్లి రెండో వరసలో ఉంది. పక్కన ముసలామె, అత్తగారై ఉంటుంది.

పిల్లలు ఎక్కడా ఆగకుండా చెప్పారు. అందరి చేతులూ తొడల పక్కన చప్పట్ల లెక్కన కొంచెం కదులుతున్నాయి, అంతే. ఆగవలసిన చోటు వచ్చినప్పుడల్లా నాకే ఊపిరి అందనట్టయింది. ఆ చోట్లు నాకు బాగా తెలుసు. అవి దాటిపోయాయి. చివర్లో ఉత్తర్వు చదివి, నమస్కారం పెట్టి దిగారు. జనం చప్పట్లు కొట్టారు. హెడ్మిస్ట్రెస్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తారు. రెండో వరసలో ముసలామె కోడలి చెవిలో ఏదో అంది. కోడలు తల ఊపింది.

నేను బూందీ పొట్లం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే గుమ్మం దగ్గర చప్పుడైతే వెళ్ళి చూశాను. తల్లీ కూతురూ. తల్లి చేతిలో నేను వదిలేసిన బూందీ పొట్లం ఉంది, ఆయమ్మ ఇచ్చి పంపిందట. ఈసారి పిలవకుండానే గడప దాటి లోపలికి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు గాని గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల ఇల్లంతా కళ్ళతో చూసి, గోడ మీద ఫొటో దగ్గర ఆగి, చటుక్కున తల దించుకుంది.

"పోయింది సారూ" అంది తల్లి. "నిన్న నేను చెవులు రిక్కిచ్చి ఇన్న. ఒక్క కాడ గూడ రాలే. మా అత్త అంటది, ఆమె పని అయిపోయింది, పోయింది, అని."

"బడి?"

"ఇదే బడి. ఇంకేడికి?" అని, పిల్ల భుజం మీద పొడిచింది. "అడుగు. దారెంబడి ఏమన్నవు? ఇంగ్లీషుల అడుగుత అన్నవు కద."

పిల్ల గోడకు ఒత్తుకుంది. "నువ్వే అడుగే."

"నాకొస్తే నీతోటి ఏంటికి? అడుగు!"

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"సార్. ఇన్ సమ్మర్ హాలిడేస్," అంది.

ఆగింది. భుజాలు కొంచెం లేచాయి. నోరు తెరిచి గాలి పీల్చింది.

తల్లి ముఖంలో రంగు మారింది. పిల్లను చూడలేదు, నన్ను చూసింది. నేను పిల్లను చూశాను. ఆ వాక్యం ఎవరూ నేర్పింది కాదు. ఆ పిల్ల సొంతంగా కట్టుకుంటున్నది. సగం కట్టి నిలబడింది. తరవాత రావలసిన మాట నా నాలుక మీదే ఉంది, అందించటం ఎంత పని? అందిస్తే ఆ చప్పుడు అక్కడితో ఆగుతుంది, తల్లి ఊపిరి తీసుకుంటుంది.

"ఏంది సారూ గిది?" అంది తల్లి మెల్లగా.

"వెతుక్కుంటోందమ్మా" అన్నాను. "తరవాతి మాట కోసం. కొంచెం ఉండండి."

"మాట కోసమేనా?"

"మాట కోసమే."

అది నిజమో కాదో నాకు తెలియదు. పరాయి భాషలో వాక్యం కట్టే ఎనిమిదేళ్ళ పిల్ల ఎవరైనా అక్కడ ఆగవచ్చు. ఎవరూ నేర్పకపోయినా ఆగవచ్చు. ఆ భుజాలు లేవటం గురించి మాత్రం నేను ఏమీ చెప్పలేను. తల్లికి చెప్పింది మొదటి సంగతే. ముగ్గురం నిలబడ్డాం. బయట లారీ ఒకటి పోయింది.

"యూ విల్ టీచ్ మీ?" అంది పిల్ల.

తల్లి గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "సంపినవ్ కదనే! ఏమన్నది సారూ?"

"ఎండాకాలం సెలవుల్లో కూడా చెబుతారా అని అడిగింది."

"చెప్తరా మరి?"

"చెబుతాను."

"ఇంగ్లీషుల చెప్పాలె" అంది పిల్ల తల్లి కొంగు వెనక నుంచి.

"ఎస్," అన్నాను. "ఐ విల్ టీచ్ యూ."

వాళ్ళు లేచే పని లేదు, నిలబడే ఉన్నారు. తల్లి పొట్లం బల్ల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాటింది. చెప్పులు వేసుకుని వెనక్కి తిరిగింది.

"పోయొస్తం సారూ" అంది.

మంచిదమ్మా అన్నాను. ఆ మాట అనటానికి నాకు కొంచెంసేపు పట్టింది. అప్పటిదాకా వాళ్ళు ఆగారు.